తడంటే తడి కాదా?

పద్దెనిమిదేళ్ళు ఎంగిలి పళ్ళేలు కడిగిన మనిషికి లోకం రెండే ముక్కలుగా కనబడుతుందంటే ఎవరూ నవ్వకూడదు. ఒకటి తడి, రెండోది పొడి. సింకుకి ఎడమ పక్క తడి పళ్ళేలు, కుడి పక్క పొడి పళ్ళేలు. తడిది ఒక్కటి వెళ్ళి పొడి దొంతరలో కూర్చుందా, దొంతరంతా ముక్కవాసన. వంట మేస్త్రి అరుస్తాడు, తినే పిల్లలు మొహం చిట్లిస్తారు. అందుకని ప్రతి పళ్ళేన్నీ చూపుడువేలితో ఒక్కసారి రాసి చూడాలి. వేలికి చెమ్మ తగలకపోతేనే కుడి పక్కకి పంపాలి. యూనివర్సిటీ హాస్టల్ వంటశాలలో పిన్ని నేర్చుకున్న విద్య ఇదే. చివరికి ఆమె కొంప ముంచబోయిందీ ఈ విద్యే.

పిన్ని అంటే అందరికీ పిన్నే. చదువుకునే పిల్లలు అలా పిలవడంలో న్యాయముంది. ఆమెకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన వంట మేస్త్రి కూడా "పిన్నీ" అనే పిలుస్తాడు. "నేనేమన్నా మీ అమ్మకి చెల్లెల్నా మేస్త్రీ?" అని మొదట్లో దెబ్బలాడింది. ఆయన వినలేదు, ఆమె విసిగిపోయింది. ఆ మాట అలాగే స్థిరపడిపోయింది.

ఇక ఆమె చేతుల సంగతి చెప్పాలి, కథంతా వాటిదే కాబట్టి. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. అరచేతులు బీటలు వారాయి. ఇంట్లో కూర కలిపితే మంట, జడ వేసుకుంటే మంట. యూనివర్సిటీ ఆస్పత్రి డాక్టరు చూసి, "నీళ్ళలోంచి చేతులు తీసెయ్యమ్మా, లేకపోతే ఇది తగ్గదు" అన్నాడు. ఎంత సులువు! కూడు పెట్టే నీళ్ళలోంచి చెయ్యి తీసి మళ్ళీ ఎక్కడ పెట్టాలో ఆ మహానుభావుడు చీటీలో రాయలేదు. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, పదిరోజులకోసారి మొహం చూపిస్తాడు. ఇంట్లో చూపు ఆనని అత్తగారు. పని మానేసి కూర్చోవడానికి పిన్నికి వీల్లేదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ భోజనానికి పళ్ళెం తీసుకుని, దాని అంచుకి రక్తం చార చూసింది. మరొకరైతే నానా యాగీ చేసేవారు. ఆవిడ మాత్రం పళ్ళెం పట్టుకుని నేరుగా సింకు దగ్గరికొచ్చి, పిన్ని చేతులు తిప్పి చూసింది.

ఆవిడే సున్నా మేడమ్. పర్యావరణం పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఈ క్యాంపస్‌లోంచి బయటికెళ్ళే చెత్తని సున్నా చేస్తానని పంతం పట్టిన మనిషి కాబట్టి ఆ పేరొచ్చింది. అసలు సంగతి తెలియని పిల్లలు, పరీక్షల్లో సున్నాలు వేసే మనిషి కాబోలనుకుని ఒక ఏడాది ఆవిడ క్లాసుకే చేరలేదట!

"మీరు నా కంపోస్టు యార్డుకి వస్తారా? నీళ్ళలో పనుండదు. పార, జల్లెడ, అంతే" అంది మేడమ్.

పిన్నికి ఏడుపొచ్చినంత పనైంది. కానీ మెలిక లేకుండా పెద్దవాళ్ళు ఏదైనా ఇస్తారా? యార్డంటే వంటశాల వెనక, గోడకీ కార్ల షెడ్డుకీ మధ్యనున్న స్థలం. ఆ స్థలం మీద రిజిస్ట్రారు గారికి ఎప్పటినుంచో కన్నుంది. మరో పాతిక కార్లు పెట్టుకోవచ్చని ఆయన లెక్క. చివరికి ఆయన ఒక ఒప్పందానికొచ్చాడు. రెండు నెలల్లో అక్కడి చెత్తగుట్ట మట్టిలా మారితే యార్డు ఉంటుంది, పిన్నికి అక్కడే పర్మినెంటు ఉద్యోగం. మారకపోతే యార్డు షెడ్డులో కలుస్తుంది, పిన్ని తిరిగి సింకు దగ్గరికి పోతుంది.

ఆ రాత్రి అత్తగారి కంచంలో అన్నం కలుపుతూ పిన్ని ఈ సంగతి చెప్పింది. అత్తగారికి కళ్ళు మందగించాయి గాని ముక్కు మాత్రం పాతికేళ్ళ పడుచుది. కోడలి చెయ్యి దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"పద్దెనిమిదేళ్ళ నుంచీ ఈ సబ్బు కంపే. పెళ్ళైన కొత్తలో నీ చేతులకి వేరే వాసనుండేదే అమ్మాయ్. ఏమిటో మర్చిపోయాను" అంది ముసలావిడ.

* * *

పని మొదలయ్యే ముందు ఆడిటోరియంలో శిక్షణ పెట్టారు. ఏసీ చల్లగా ఉంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. పొద్దున్న నాలుగింటికి లేచిన వంటవాళ్ళని అలాంటి కుర్చీల్లో కూర్చోబెట్టి తెర మీద డెబ్బై బొమ్మలు వేస్తే ఏమవుతుంది? మూడో వరస నుంచి గురక మొదలైంది. పిన్ని మాత్రం కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని విన్నది. ఆమెకి చేతుల బాధ, నిద్ర ఎలా వస్తుంది?

"చాలా సింపుల్! తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో. పొడి చెత్త నీలం డబ్బాలో. తడి డబ్బా మన గుట్టకొస్తుంది, పొడి డబ్బా లారీకి పోతుంది. గుట్ట మీద ఈ తెల్ల పొడి చల్లుతాం. ఇందులో కంటికి కనబడని జీవులుంటాయి. వేసినదంతా తినేసి మట్టి చేసేస్తాయి. ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది మేడమ్.

సందేహాలా! తడీ పొడీ గురించి పిన్నికి సందేహమా! చేపపిల్లకి ఈత నేర్పాలా? ఆమె ధీమాగా తలూపింది. ఆమె ఊపిందని మిగతావాళ్ళూ ఊపారు.

మర్నాడు వంటింట్లో రంగురంగుల డబ్బాలు చూసి మేస్త్రి శివాలెత్తాడు.

"నా వంటింట్లో ఈ డబ్బాలైనా ఉండాలి, నేనైనా ఉండాలి! చెత్తకి కూడా కులాసాగా రెండు గదులా?"

ఆ మాట గుమ్మంలో ఉన్న మేడమ్ చెవిన పడింది. పడకుండా ఉంటే బాగుండేది.

"అరవకు మేస్త్రీ. ఇందులో ఏముంది? వేలు పెట్టి చూడు. చెమ్మ తగిలితే ఆకుపచ్చ, తగలకపోతే నీలం. పళ్ళేల లెక్కే" అంది పిన్ని.

అంత తేలిగ్గా చెప్పాక అర్థం కానిదెవరికి? పాల కవర్లు ఖాళీ చేసి కడిగేవారు కదా, అవి తడి. ఆకుపచ్చలో పడ్డాయి. టీ తాగిన కాగితం కప్పుల్లో అడుగున నాలుగు చుక్కలుంటాయి, అవీ తడే. గిన్నెలు తోమి పడేసిన ప్లాస్టిక్ పీచు, నీళ్ళోడుతుంది, మరీ తడి. ఇక ఉల్లిపొట్టు గలగలమంటోంది, పొడి. గుడ్డు పెంకులు పొడి. ఎండిపోయిన రొట్టె ముక్కలు పొడి. తోటలో ఊడ్చిన ఎండుటాకుల సంగతి చెప్పేదేముంది, పొడికి తాతలు. అవన్నీ బస్తాలకెత్తి లారీకిచ్చేవారు.

మేస్త్రి అరుస్తాడే గాని, పని ఒప్పుకున్నాక గీత దాటే రకం కాదు. ఆకుపచ్చ డబ్బా నిండిపోయిన రోజున ఆకుకూర కాడల్ని పెరట్లో ఎండబెట్టించి, చేత్తో తడిమి చూసి, నీలం డబ్బాలో వేయించాడు. చూసి పిన్ని మెచ్చుకుంది కూడా. "శభాష్ మేస్త్రీ, బుర్రంటే నీదే!"

నవ్వొస్తోందా? రావచ్చు. కానీ వాళ్ళు బద్ధకంతో చేసిన తప్పు కాదది. చెప్పినదాన్ని అక్షరాలా చేశారు, అదే తప్పైంది.

* * *

మొదటి పదిహేను రోజులు బాగానే గడిచాయి. పిన్ని చేతుల మీద కొత్త చర్మం లేత గులాబీ రంగులో రావడం మొదలైంది. ఆమె దాన్ని ఎండలో పట్టుకుని మాటిమాటికీ చూసుకునేది, పసిపిల్లని చూసుకున్నట్టు. పారతో గుట్ట తిరగేస్తున్నప్పుడు పాల కవర్లు నిగనిగలాడుతూ కనబడేవి. అవి మట్టి అవుతాయా అన్న అనుమానం ఆమెకి రాకపోలేదు. కానీ చదువుకున్న మనిషి అంతా తినేస్తాయని చెప్పింది. కంటికి కనబడని జీవాలు ఏం తింటాయో ఏం తినవో మనకేం తెలుసు? కాస్త టైము పడుతుంది కాబోలు అనుకుని ఇంకో గుప్పెడు తెల్ల పొడి చల్లేది.

నెల తిరిగేసరికి కంపు మొదలైంది. అదలాంటిలాంటి కంపు కాదు. గుట్ట కింద నుంచి నల్లటి రసం కారింది, ఈగలు జాతర చేశాయి. పక్క హాస్టల్లో పిల్లలు కిటికీలు బిడాయించుకుని పరీక్షలకి చదివారు. పొడవాటి థర్మామీటరు గుట్టలో గుచ్చి మేడమ్ తల పట్టుకుంది. వేడెక్కాల్సిన గుట్ట చల్లగా, చిత్తడిగా ఉంది. పార వేసిన చోటల్లా ప్లాస్టిక్కే లేచింది.

ఇంటికెళితే అత్తగారు ముక్కు మూసుకుంది. "ఏమే, చేతులు కడుక్కున్నావా? సబ్బు కంపే నయం కదే తల్లీ!"

రిజిస్ట్రారు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. కంపుకి మొహం ముడుచుకున్నారు గాని, కళ్ళలో సంతోషం దాగలేదు. "రెండు నెలలెందుకు, నలభై రోజులకే తేలిపోయింది. శుక్రవారం కమిటీని తీసుకొస్తాను. చూసి, సంతకాలు పెట్టి, స్థలం షెడ్డుకి ఇచ్చేద్దాం" అన్నారు.

ఆయన వెళ్ళాక మేడమ్ పిన్నిని పక్కకి పిలిచింది.

"నాకు అనుమానంగా ఉంది పిన్నిగారూ. ఎవరో కావాలనే ప్లాస్టిక్ కలుపుతున్నారు. ఎవరో కాదు, మీ మేస్త్రే. మొదటిరోజు అతను అన్న మాట నేను చెవులారా విన్నాను. కమిటీకి అదే చెబుతాను. అతనికి మెమో ఇప్పించి, మీకు మరో రెండు నెలలు గడువు అడుగుతాను. మీ తప్పేం లేదని వాళ్ళకి తెలియాలిగా."

తను చెప్పిన తడి కవర్లు గాక ఇంకా ఏవో కలిపేస్తున్నాడనుకుని పిన్నికి మేస్త్రి మీద ఒళ్ళు మండింది. "ఆ మనిషి నోటికి నేను భయపడ్డాను గాని చేతికి భయపడలేదు మేడమ్. ఇలా తడిగుడ్డతో గొంతు కోస్తాడనుకోలేదు" అంది.

* * *

గురువారం పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, పిన్ని యార్డుకి వచ్చింది. గడువు దొరక్కపోతే రేపటితో సరి అనుకుంది. కమిటీ వచ్చేలోగా గుట్టని కాస్త చూడదగ్గట్టు చేద్దామని, ముక్కుకి కొంగు చుట్టుకుని పార అందుకుంది.

గోడవారన, ఆ మూలకి వచ్చేసరికి పార మెత్తగా దిగింది. కంపు లేదు. ఆమె కొంగు విప్పి చూసింది. నల్లగా, పొడిపొడిగా, గోరువెచ్చగా ఉంది. గుప్పిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారింది. మట్టి! అచ్చం మట్టి!

ఇక్కడొక్కచోటే ఎందుకైంది? ఆలోచించింది. గుర్తొచ్చింది. నెల కిందట లారీకి మోస్తుంటే ఒక నీలం బస్తా సరిగ్గా ఈ మూలే పిగిలిపోయింది. ఉల్లిపొట్టు, రొట్టె ముక్కలు, ఎండుటాకులు, గుడ్డు పెంకులు, అంతా చెల్లాచెదురైంది. ఎత్తే ఓపిక లేక, ఎవరూ చూడకుండా పారతో కూరతొక్కల మీదికే తోసేసింది. రెండ్రోజులు తప్పుచేసినట్టు బాధపడింది కూడా.

అంటే లారీకెక్కించిన పొడి సరుకే మట్టైంది. వేలేసి చూసి మరీ గుట్టకి పంపిన తడి కవర్లు చెక్కుచెదరలేదు.

ఆమె వంటింట్లోకి పరుగున వెళ్ళింది. మేస్త్రి పాలు కాస్తున్నాడు.

"మేస్త్రీ, నిజం చెప్పు. ఈ పాల కవర్లు ఆకుపచ్చ డబ్బాలో ఎవరు వేస్తున్నారు?"

"నేనే. ఏం?"

"ఎందుకేశావు?"

"ఎందుకేమిటి? నువ్వేగా చెప్పింది! కడిగాక తడి కాదా? ఇదిగో, నువ్వే చూసుకో." ఆయన ఒక కవరు తీసి ఆమె మొహం ముందు ఆడించాడు. నీళ్ళు చిలికి ఆమె చెంప మీద పడ్డాయి. "రోజూ వేలు పెట్టి మరీ చూస్తున్నాను పిన్నీ. ఒక్కటంటే ఒక్కటి పొరపాటు పోయిందేమో అడుగు వీళ్ళని."

పిన్ని చెంప తుడుచుకుంది. వెళ్ళి బియ్యం బస్తా మీద కూర్చుంది.

తప్పు మేస్త్రిది కాదు, తనది. ఊరంతటికీ పాఠం చెప్పిన పంతులమ్మ తనే. తనకొచ్చిన ఒక్క విద్యనీ తీసుకెళ్ళి చెత్తకి అంటగట్టింది. ఈ సంగతి భూమ్మీద తనకొక్కదానికే తెలుసు. నోరు మూసుకుంటే రేపు మేస్త్రికి మెమో వస్తుంది, తనకి గడువొస్తుంది. నోరు విప్పితే, తడికీ పొడికీ తేడా తెలియని మొద్దని ఆ నిమిషమే సింకు దగ్గరికి తోలేస్తారు.

ఆ రోజంతా ఆమె తన చేతులు చూసుకుంటూనే ఉంది. గులాబీ రంగు చర్మం. బీటలు దాదాపు పూడుకుపోయాయి. మళ్ళీ ఆ సబ్బునీళ్ళలో ముంచాలంటే ఒళ్ళు గగుర్పొడిచింది. భయమేసింది. తన మీద తనకే జాలేసింది. ఇరవైరెండేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదని మేస్త్రి పెళ్ళిళ్ళకెళ్ళినా చెప్పుకుంటాడు. చెప్పుకోనీ, ఒక్కటొస్తే ఆకాశం ఊడిపడుతుందా అని కూడా అనుకుంది, ఉన్నమాటే చెప్పాలి కదా. సాయంత్రం దాకా మనసుతో గుంజాటన పడింది.

అన్నం తినేటప్పుడు అత్తగారు ఉన్నట్టుండి అడిగింది. "ఏమే, మాట్లాడవు? ఎవరి తప్పు మోస్తున్నావు?"

"నాదే అత్తయ్యా. నాదే తప్పు. ఇంకొకరి నెత్తిన పెట్టేద్దామా అని చూస్తున్నాను."

"నీ బరువు నువ్వే మొయ్యలేకపోతున్నావు. వాడెలా మోస్తాడే?" అంది ముసలావిడ, మజ్జిగ కోసం గ్లాసు తడుముకుంటూ.

* * *

శుక్రవారం పదింటికి కమిటీ వచ్చింది. అయిదుగురు. అందరి చేతుల్లో టీ కప్పులు, అందరి ముక్కుల మీదా రుమాళ్ళు. పక్కన సున్నా మేడమ్, మేడమ్ చేతిలో ఒక కాగితం. ఆ కాగితంలో ఏముందో తెలియని మేస్త్రి వంటింటి గుమ్మంలో నిలబడి వేడుక చూస్తున్నాడు.

"ఈ వైఫల్యానికి ఒక కారణముంది. వంటింట్లో ఒకరు..." అని మేడమ్ మొదలుపెట్టింది.

"నేను" అంది పిన్ని.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె చీర కొంగుని వేలికి చుట్టుకుని, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"ఆ ఒకరు నేనేనండి. మేస్త్రి కాదు. తడి చెత్తంటే తడిగా ఉన్న చెత్తనుకున్నాను. పళ్ళేల దగ్గర అంతే కదా మరి. వేలు పెట్టి చూడండి, చెమ్మ తగిలితే గుట్టకెయ్యండని వంటింట్లో అందరికీ నేనే నేర్పాను. కడిగిన కవరు తడి, అందుకని గుట్టకొచ్చింది. ఎండుటాకు పొడి, అందుకని లారీకి పోయింది. వాళ్ళంతా నా మాట నమ్మారు. వాళ్ళని ఏమీ అనకండి. నన్ను సింకు దగ్గరికి పంపించెయ్యండి, పోతాను."

రిజిస్ట్రారు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"బాగుంది! తడికీ పొడికీ తేడా తెలియని మనిషికి యార్డు అప్పగించారా? ఇంకా చూసేదేముంది? సంతకాలు పెట్టండి!"

అంతదాకా తల వంచుకున్న పిన్నికి ఎక్కడో చురుక్కుమంది. తప్పు ఒప్పుకుంది, నిజమే. అంతమాత్రాన నవ్వుతారా?

"అయ్యా, ఒక్క మాట. మీ చేతిలో కప్పుంది కదా, తాగేశారా?"

"తాగేశాను. అయితే?"

"ఏ డబ్బాలో వేస్తారు?"

రిజిస్ట్రారు గారు కప్పులోకి చూశారు. అడుగున కాస్త టీ ఉంది. ఆకుపచ్చ డబ్బా వైపు ఒక అడుగు వేశారు. ఆగి, కప్పుని పైకీ కిందకీ తిప్పారు. "కాగితం కదా... అయినా లోపల తడుంది... తడే!" అని మళ్ళీ ఆకుపచ్చ వైపే కదిలారు.

"లోపల ప్లాస్టిక్ పూత ఉంటుందండి. నిన్న గుట్టలోంచి ఏరాను. కాగితం కరిగిపోయింది, పూత పొరలాగా మిగిలింది" అంది పిన్ని.

కమిటీలో ఒకాయన దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. మరొకావిడ తన కప్పుని మెల్లగా చేతిసంచిలో దాచేసుకుంది. రిజిస్ట్రారు గారు కప్పుని ఎక్కడా వెయ్యలేక చేత్తోనే పట్టుకుని నిలబడ్డారు.

మేడమ్ తన చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టేసింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"తప్పు నాది. డెబ్బై బొమ్మలు వేశాను గాని ఒక్క తొక్క చేత్తో పట్టుకుని చూపించలేదు. సందేహాలున్నాయా అని అడిగాను, జవాబు కోసం ఆగలేదు. పైగా మేస్త్రిగారిని దొంగని చేశాను" అంది.

గుమ్మంలో మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "నన్నా? నన్నేం చేశారు?"

పిన్ని మూలకి వెళ్ళి, కడిగి తుడిచి సిద్ధంగా పెట్టుకున్న స్టీలు పళ్ళెంలో ఆ నల్లమట్టి తెచ్చి కమిటీ ముందు పెట్టింది. పద్దెనిమిదేళ్ళుగా అలవాటైన చెయ్యి, అంచుకి ఒక్క రేణువు అంటకుండా పెట్టింది.

"ఇది కూడా ఈ గుట్టలోదేనండి. ఆకులూ తొక్కలూ పొరపాటున కలిసిన చోట ఇలా అయింది. అంటే పురుగులకి రావడం వచ్చు, తినడం వచ్చు. మనకే వడ్డించడం రాలేదు. తడీ పొడీ అనకండి, ఆ మాటే మోసం చేసింది. మట్టి తినేది, మట్టి తిననిది. అంతే. ఆకు తింటుంది, తొక్క తింటుంది, పెంకు తింటుంది. కవరు తినదు, మనం ఎంత కడిగి పెట్టినా తినదు."

రిజిస్ట్రారు గారు రుమాలు తీసి, పళ్ళెం మీదికి వంగి వాసన చూశారు. రెండోసారి కూడా చూశారు. ఎంత కార్ల పిచ్చి ఉన్నా ఆయనా మనిషే కదా. ఇంట్లో కుండీల్లో గులాబీలు పెంచుతారని తర్వాత తెలిసింది.

"పరీక్షల సెలవులయ్యేదాకా గడువు. ఒక్కరోజు ఎక్కువ కాదు" అన్నారు పొడిపొడిగా. టీ కప్పుతో సహా వెళ్ళిపోయారు.

* * *

మర్నాడు పొద్దున్న పిన్ని వచ్చేసరికి గుట్ట దగ్గర వంటింటి బలగమంతా ఉంది. ముక్కులకి గుడ్డలు, చేతులకి తొడుగులు. ముందు మేస్త్రి.

"ఇరవైరెండేళ్ళకి మొదటి మెమో రావాల్సింది, నువ్వొచ్చి అడ్డుపడ్డావు. పటం కట్టించుకుందామనుకున్నానే!" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "జరుగు పిన్నీ. ఈ కవర్లన్నీ నా చేత్తో వేసినవే. నా చేత్తోనే తీస్తాను."

మూడు రోజులు ఏరారు. మేడమ్ కూడా చీర ఎగ్గట్టి దిగింది. ఏరినకొద్దీ వచ్చాయి, తడిసి మోపెడన్నట్టు నలభై బస్తాలయ్యాయి. తోట నుంచి ఎండుటాకులు తెచ్చి పొరలుగా వేశారు. డబ్బాల మీది పాత అక్షరాలు చెరిపి, మేడమ్ తన చేత్తో కొత్తవి రాసింది. ఆకుపచ్చ మీద "మట్టి తినేది." నీలం మీద "మట్టి తిననిది." రాశాక వంటింట్లో ఒక్కొక్కరినీ పిలిచి, చేతికో వస్తువిచ్చి, ఎందులో వేస్తారో వేయించి చూసింది. ఈసారి ఎవరూ తల ఊపి తప్పించుకోలేదు. మేస్త్రికి కప్పులో ముంచే టీ పొట్లం ఇస్తే, "పొట్లం విప్పి పొడి దీన్లో, దారం మీది పిన్ను దాన్లో" అని కాలరెగరేశాడు.

నాలుగోరోజు తెల్లారేసరికి గుట్ట మీద ఆవిరి లేచింది. పిన్ని అరచెయ్యి పెట్టి చూసింది. జ్వరం వచ్చిన బిడ్డ నుదురంత వేడిగా ఉంది. ఆమె గట్టిగా నవ్వింది, ఒక్కతే, చుట్టూ ఎవరూ లేకపోయినా.

సెలవులు అయిపోయాయి. కమిటీ వచ్చి జల్లెడ పట్టించి చూసింది, సంతకాలు పెట్టింది. ఈసారి వేరే కాగితం మీద. రిజిస్ట్రారు గారు పెద్దగా ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం చుట్టూ చూసి, "పిన్నిగారూ, కుండీలకి రెండు సంచులు దొరుకుతాయా?" అని గొణిగారు. ఆయన నోట గారూ అన్న మాట వినడం పిన్నికి అదే మొదలు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్ళి, చెప్పులు విడిచి, అత్తగారి పక్కన కూర్చుంది. ముసలావిడ ముక్కుపుటాలు కదిలాయి. తల పైకెత్తి, కిటికీ వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఆరేసిన బట్టలు తీశావా? వాన మొదలైనట్టుంది."

"వాన లేదత్తయ్యా. ఎండ కాస్తోంది."

"ఎందుకు లేదు? మట్టి వాసన గుప్పుమంటేను." ముసలావిడ చెయ్యి చాచి తడుముకుంటూ వచ్చి కోడలి చేతిని పట్టుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత బొటనవేలితో అరచేతిని మెల్లగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా రాసి చూసింది, ఎక్కడా బీట తగల్లేదు.

"ఇదే. కాపురానికొచ్చిన కొత్తలో ఉన్న వాసన ఇదే. మీ పుట్టింటి తోటలోంచి వచ్చినదానివి కదూ" అంది ఆవిడ, చెయ్యి వదలకుండా.